కాంబో డెక్ కట్టడం ఎలా: రెండు ముక్కలు కాదు, మిగతా 48 ముక్కల సంగతి

మ్యాజిక్, యు-గి-ఓ లాంటి కార్డు ఆటల్లో రెండు కార్డులు కలిస్తే (ఇలాంటి జతనే కాంబో అంటారు) ఆట అక్కడికక్కడే ముగిసిపోతుందని తెలిసిన రోజున ఎవరికైనా చేతులు ఊరుకోవు. ఆ రెండూ ఎన్ని కాపీలు పెట్టనిస్తే అన్నీ పెట్టేసి, మిగిలిన ఖాళీలో మంచివనిపించినవన్నీ కుక్కి, డెక్ (ఆడటానికి పేర్చుకునే కార్డుల కట్ట) అయిపోయిందనుకుంటారు. తీరా ఆడటానికి కూర్చుంటే ఒక ముక్క చేతిలో ఉంటుంది, రెండోది ఎంతకీ పడదు. పడేసరికి అవతలివాళ్ళు గెలిచి కార్డులు కలుపుకుంటూ ఉంటారు.

కాంబో కనిపెట్టడం పెద్ద పనేమీ కాదు, చాలావాటిని ఇప్పటికే ఎవరో ఒకరు కనిపెట్టేసి ఉంటారు. ఆ ముక్కల్ని వేళకి చేతికి తెచ్చి, వేసే క్షణంలో వాటిని కాపాడే మిగతా కార్డుల్ని ఎంచుకోవడమే అసలు పని. ఇక్కడ ఎక్కువ ఉదాహరణలు మ్యాజిక్: ది గ్యాదరింగ్ నుంచే ఇస్తున్నాను. రిచర్డ్ గార్ఫీల్డ్ తయారుచేసిన ఈ ఆట 1993లో వచ్చింది, ఈ తరహా ఆటలన్నిటికీ దారి వేసింది అదే. యు-గి-ఓ, పోకెమాన్ ఆడేవాళ్ళకి ఎక్కడ లెక్క మారుతుందో అక్కడ చెబుతాను.

ముందుగా కొలతలు. మ్యాజిక్‌లో మామూలు డెక్‌కి కనీసం 60 కార్డులు, బేసిక్ ల్యాండ్లు (కార్డులు వేయడానికి కావాల్సిన మానా అనే శక్తినిచ్చేవి) తప్ప ఒకే పేరున్నవి 4కి మించకూడదు, మొదట 7 కార్డులు తీసుకుంటారు. యు-గి-ఓలో మెయిన్ డెక్ 40 నుంచి 60 దాకా, ఒక్కో కార్డు 3 కాపీలు, మొదటి చేయి (మొదట తీసుకునే కార్డులు) 5. పోకెమాన్‌లో సరిగ్గా 60, బేసిక్ ఎనర్జీ తప్ప ఒక్కో పేరుకి 4, మొదటి చేయి 7, పైగా 6 కార్డులు ప్రైజ్‌గా పక్కకి పోతాయి. కనీసం ఎంత ఉంటే అంతే పెట్టండి. 61వ కార్డు ఎంత గొప్పదైనా, మీకు కావాల్సిన ముక్క పడే అవకాశాన్ని అది కాస్త తగ్గిస్తుంది.

కాంబోని తూకం వేయండి

నచ్చిన కాంబో దొరకగానే కార్డులు కొనడానికి పరిగెత్తకండి. ఎన్ని ముక్కలు కావాలో చూడండి. రెండైతే ఆలోచించవచ్చు. మూడు కావాలంటే వాటిలో ఒకటి మీ చేతిలో ఎప్పుడూ ఉండే తరహాదో, రెండు మూడు రకాల కార్డులు దాని బదులు పనిచేసేవో అయి ఉండాలి. నాలుగు ముక్కల కాంబోలు చెప్పుకోవడానికి బాగుంటాయి, ఆడటానికి కాదు.

తర్వాత చూడాల్సింది, ఒక్కో ముక్క విడిగా ఏ మాత్రం పనికొస్తుందని. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. హీలియోడ్ సన్-క్రౌన్డ్, వాకింగ్ బలిస్టా అనే కార్డుల జంటనే తీసుకోండి. బలిస్టా ఒంటరిగా కూడా చిన్నచిన్న క్రీచర్లను (పోరాడే జీవుల కార్డులను) కాల్చిపడేస్తుంది, మిగులు మానా ఉంటే పెరుగుతుంది. ఏ డెక్‌లో పెట్టినా సిగ్గుపడనక్కర్లేని కార్డు. అదే రెండో ముక్క వచ్చేదాకా చేతిలో దిష్టిబొమ్మలా కూర్చునే కార్డయితే, మీరు 7 కార్డులతో కాదు, 6 కార్డులతో ఆట మొదలుపెట్టినట్టే.

మూడోది, కాంబో పూర్తయితే నిజంగా గెలుస్తారా? లెక్కలేనంత మానా రావడం గెలుపు కాదు. దాన్ని ఖర్చుపెట్టి అవతలివాళ్ళ ప్రాణం తీసే కార్డు ఇంకొకటి కావాలి, అంటే మీ రెండు ముక్కల కాంబో నిజానికి మూడు ముక్కలది. స్టార్మ్ లాంటి డెక్‌ల దారి వేరు. అక్కడ ఫలానా రెండు ముక్కలంటూ ఉండవు, ఒకే టర్న్‌లో (వంతులో) వరసగా స్పెల్స్ (మానా పెట్టి వేసే కార్డులు) వేసుకుంటూ పోవాలి. గ్రేప్‌షాట్ అనే కార్డు అసలు దెబ్బ 1 మాత్రమే, కానీ ముందు పడిన ఒక్కో స్పెల్‌కీ దానికి ఒక కాపీ పుడుతుంది. దానికి ముందు అదే టర్న్‌లో 19 స్పెల్స్ పడి ఉంటే కాపీలతో కలిపి 20 అవుతుంది. ఆడటానికి మహా సరదాగా ఉంటుంది కానీ మొదటి డెక్‌గా వద్దు, తల ప్రాణం తోకకొస్తుంది.

కాగితం మీద ఒకసారి ఆడండి

ఎంచుకున్న కాంబోని అడుగు అడుగునా కాగితం మీద రాయండి. ఏ టర్న్‌లో, ఎంత మానాతో, ఏ కార్డు, దానివల్ల ఏం జరుగుతుంది, అవతలివాళ్ళు ఎక్కడ చేయి పెట్టగలరు. బుర్రలో అంతా తేలిగ్గానే తిరుగుతుంది, రాసినప్పుడే బొక్కలు కనిపిస్తాయి.

హీలియోడ్ జంట ఎలా పనిచేస్తుందో చూడండి. బలిస్టా మీది ఒక కౌంటర్ (బలం పెంచే గుర్తు) తీస్తే ఎవరికైనా 1 దెబ్బ వేయవచ్చు. హీలియోడ్ 2 మానా తీసుకుని ఇంకో క్రీచర్‌కి లైఫ్‌లింక్ ఇస్తాడు. లైఫ్‌లింక్ ఉన్న బలిస్టా 1 దెబ్బ వేయగానే మీకు 1 లైఫ్ వస్తుంది. లైఫ్ వచ్చింది కనక హీలియోడ్ బలిస్టా మీద ఇంకో కౌంటర్ పెడతాడు. మళ్ళీ తీయండి, మళ్ళీ కొట్టండి. ఇంతవరకూ అందరికీ తెలుసు. కానీ బలిస్టా మీద ఒకే ఒక్క కౌంటర్ ఉంటే? అది అసలు 0/0 క్రీచర్, అంటే కౌంటర్లు లేకపోతే దాని దెబ్బా ప్రాణమూ సున్నా. ఉన్న కౌంటర్ తీసేయగానే, కొత్త కౌంటర్ వచ్చేలోపే చచ్చిపోతుంది. అందుకే రెండు కౌంటర్లతో మొదలుపెట్టాలి, అంటే ఒక్కో కౌంటర్‌కి 2 చొప్పున బలిస్టాకి 2 కాదు, 4 మానా. కాగితం మీద రాసినవాడికి ఇది ముందే తెలుస్తుంది, రాయనివాడికి ఆట మధ్యలో తెలుస్తుంది.

ఇంకొక ఉదాహరణ, ఎందుకంటే దీన్నే ముందుకూ వాడుకుంటాం. డిసీవర్ ఎగ్జార్క్ 3 మానా క్రీచర్. ఫ్లాష్ ఉంది కనక అవతలివాళ్ళ టర్న్‌లో కూడా వేయవచ్చు. అది దిగగానే బల్ల మీది మీ కార్డొకదాన్ని అన్‌ట్యాప్ చేయగలదు (వాడేసి పక్కకి తిప్పినదాన్ని, అంటే ట్యాప్ చేసినదాన్ని, మళ్ళీ వాడేలా లేపడం), లేదా అవతలివాళ్ళదొకటి ట్యాప్ చేయగలదు. స్ప్లింటర్ ట్విన్ 4 మానా ఆరా (ఇంకో కార్డుకి తగిలించేది). దాన్ని ఏ క్రీచర్ మీద వేస్తే ఆ క్రీచర్ తనను తాను ట్యాప్ చేసుకుని తనలాంటి కాపీనే పుట్టిస్తుంది, ఆ కాపీకి హేస్ట్ ఉంటుంది, అంటే దిగిన టర్న్‌లోనే దాడి చేయగలదు. ఎగ్జార్క్ మీద ట్విన్ వేస్తే, పుట్టిన కాపీ దిగగానే అసలు ఎగ్జార్క్‌ని అన్‌ట్యాప్ చేస్తుంది. అది మళ్ళీ ఇంకో కాపీని పుట్టిస్తుంది. ఇలా ఎన్నంటే అన్ని పుట్టించి, అదే టర్న్‌లో దాడికి పంపవచ్చు. నిబంధనల ప్రకారం "అనంతం" అనడానికి లేదు, పదిలక్షలని ఏదో ఒక సంఖ్య చెప్పాలి.

వరస ఇలా ఉంటుంది: మీ మూడో టర్న్‌లో ఏమీ వేయకుండా మూడు ల్యాండ్లూ అలాగే ఉంచుకుంటారు. అవతలివాళ్ళ టర్న్ చివర ఎగ్జార్క్‌ని దింపి, వాళ్ళ ల్యాండ్ ఒకటి ట్యాప్ చేస్తారు. ఆ ల్యాండ్ మళ్ళీ వాళ్ళ టర్న్ వచ్చేదాకా లేవదు కాబట్టి, మీ నాలుగో టర్న్‌లో మిమ్మల్ని అడ్డుకోవడానికి వాళ్ళకి ఒక మానా తక్కువ. మీరు నాలుగో ల్యాండ్ వేసి ట్విన్ వేస్తారు. ఎగ్జార్క్ అంతకుముందు టర్న్‌లోనే దిగింది కనక వెంటనే ట్యాప్ చేయవచ్చు. అదే ట్విన్ వేసే టర్న్‌లోనే దింపి ఉంటే ఇంకో టర్న్ ఆగాల్సి వచ్చేది.

ఇప్పుడు లెక్క

లెక్కలంటే బెదిరిపోకండి. హైపర్‌జియోమెట్రిక్ కాలిక్యులేటర్ అని వెతికితే బోలెడు దొరుకుతాయి. డెక్‌లో ఎన్ని కార్డులు, మనకు కావాల్సినవి ఎన్ని, ఎన్ని కార్డులు తీస్తాం అనే మూడు అంకెలు ఇస్తే చాలు.

60 కార్డుల్లో 4 కాపీలున్న ముక్క మొదటి 7 కార్డుల్లో కనీసం ఒకటి కనిపించే అవకాశం దాదాపు 40 శాతం. నాలుగేసి కాపీలున్న రెండు వేర్వేరు ముక్కలూ కనిపించే అవకాశం 14.5 శాతం మాత్రమే. అంటే ఏడు ఆటలకి ఒకసారి. మొదట్లో చెప్పిన డెక్ ఎందుకు గెలవదో ఈ ఒక్క అంకెలోనే ఉంది.

అందుకే ఒకే పని చేసే ముక్కలు రెండు రకాలు ఉన్న కాంబోల కోసం చూడాలి. ట్విన్ డెక్‌లో ఎగ్జార్క్‌తో పాటు పెస్టర్‌మైట్ కూడా అదే పని చేస్తుంది. అంటే క్రీచర్లు 4 కాదు, 8. అవి 8, ట్విన్ 4 అనుకుంటే మొదటి చేతిలోనే రెండూ పడే అవకాశం 24 శాతం దాటుతుంది. మీరే ముందు ఆడుతూ నాలుగో టర్న్‌కి వస్తే చూసిన కార్డులు 10, అప్పటికి 40 శాతం. ఇదంతా ఒక్క డ్రా కార్డు (అదనంగా కార్డులు తీయించేది) కూడా వాడకుండా. రెండు వైపులా 8 చొప్పున దొరికే కాంబో అయితే మొదటి చేతిలోనే దాదాపు 41 శాతం. కాంబోలో ఏ ముక్కకి ప్రత్యామ్నాయం ఉందో వెతకడం మీద పెట్టిన గంట, కొత్త కాంబో వెతకడం మీద పెట్టిన పది గంటల కంటే మేలు.

యు-గి-ఓలో అధికారిక ఆటల్లో చేయి మార్చుకునే వీలు లేదు కనక మొదటి 5 కార్డులే తలరాత. అక్కడ "కాంబో మొదలుపెట్టగల ఒక్క కార్డు", అంటే స్టార్టర్లు ఎన్ని ఉన్నాయన్నదే లెక్క. 40 కార్డుల్లో 9 స్టార్టర్లు ఉంటే కనీసం ఒకటి పడే అవకాశం 74 శాతం, 12 ఉంటే 85, 15 ఉంటే 92. 9 నుంచి 12కి పెంచితే వచ్చేది 11 శాతం, 12 నుంచి 15కి వచ్చేది 7. పెంచేకొద్దీ లాభం తగ్గుతుంది కనక ఎక్కడో ఒకచోట ఆగాలి. 12 దగ్గర ఆగి మిగతా చోటు అడ్డుకునే కార్డులకి ఇవ్వడం నాకు నచ్చుతుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. మామూలుగా ఒక టర్న్‌కి ఒకటే నార్మల్ సమన్ (చేతిలోంచి మాన్‌స్టర్‌ని మామూలు పద్ధతిలో దింపడం). స్టార్టర్లన్నీ నార్మల్ సమన్ అడిగేవే అయితే చేతిలో రెండున్నా ఒకటే పనిచేస్తుంది. డెక్‌లోనే ఉండాల్సిన ముక్క, చేతికొస్తే దండగ అనుకునేది ఒక్కటే ఉన్నా, అది మొదటి చేతిలోకి వచ్చే అవకాశం 12.5 శాతం. అలాంటివి మూడు నాలుగు పెడితే అసలుకే ఎసరు.

పోకెమాన్‌లో ఒకే కాపీ పెట్టిన కార్డు ప్రైజుల్లో ఇరుక్కుపోయే అవకాశం 10 శాతం. కాంబోకి ప్రాణమైన కార్డు ఒక్కటే పెట్టి ధీమాగా కూర్చోకండి.

మిగతా 48 కార్డులు

ట్విన్ తరహా డెక్‌లో కాంబో ముక్కలు 12. మిగిలినవి 48. నేనైతే ఇలా మొదలుపెడతాను: ల్యాండ్లు 23, చౌకగా కార్డులు తీసేవి 10, అడ్డుకునేవీ కాపాడేవీ 10, కాంబో లేకుండా గెలవడానికి 5. ఇది వేదవాక్కు కాదు, ఆడాక మారుతుంది.

వెతికే కార్డులు రెండు రకాలు. డెక్ మొత్తం గాలించి కావాల్సిన కార్డునే తెచ్చే ట్యూటర్లు ఒకటి, పైన ఉన్న కొన్ని కార్డులు చూసి ఎంచుకోనిచ్చేవి ఇంకొకటి. ట్యూటర్ దొరికితే అది దాదాపు ముక్కకి ఇంకో కాపీ ఉన్నట్టే, అయితే దాని మానా కూడా కలిపి లెక్కేయాలి. నాలుగో టర్న్‌లో గెలవాల్సిన డెక్‌లో మూడో టర్న్ అంతా ట్యూటర్‌కే పోతే మీది ఐదో టర్న్ డెక్. సీరమ్ విజన్స్ లాంటి 1 మానా కార్డుల గొప్పతనం అక్కడే ఉంది. ఒక కార్డు ఇచ్చి, తర్వాతి రెండిటినీ చూపిస్తుంది, పెద్దగా మానా తినదు. ల్యాండు కావాల్సినప్పుడు ల్యాండునీ, ముక్క కావాల్సినప్పుడు ముక్కనీ వెతుకుతుంది. కొత్తవాళ్ళు ఇలాంటివాటిని "ఏమీ చేయని కార్డులు" అనుకుని ముందు వీటినే తీసేస్తారు.

కాపాడే కార్డుల విషయానికొస్తే, మీ కాంబో ఏ దారిలో చస్తుందో ముందు తెలియాలి. ఎగ్జార్క్ మీద ట్విన్ వేస్తున్నప్పుడు, అది పడేలోపే అవతలివాళ్ళు ఎగ్జార్క్‌ని చంపేశారనుకోండి. మీ రెండు కార్డులూ పోయాయి, వాళ్ళది ఒకటే పోయింది. అందుకే ఎగ్జార్క్ టఫ్‌నెస్ (ఎంత దెబ్బకి చస్తుందో ఆ అంకె) 4 కావడం చిన్న విషయం కాదు. లైట్నింగ్ బోల్ట్ 3 దెబ్బే వేస్తుంది కనక ఎగ్జార్క్ బతుకుతుంది. పెస్టర్‌మైట్ టఫ్‌నెస్ 1, దేనికైనా చస్తుంది, అయితే అది ఎగురుతూ 2 చొప్పున కొడుతుంది. ముందు ఎగ్జార్క్ నాలుగూ నింపి ఆ తర్వాతే పెస్టర్‌మైట్‌ల సంఖ్య ఆలోచించండి. కాపాడే కార్డు 1 లేదా 2 మానాలోనే అయిపోవాలి, కాంబోకే మానా అంతా అయిపోయే టర్న్‌లో 3 మానా రక్షణ ఉండీ లేనట్టే.

కాంబో లేకుండా గెలిచే దారి ఎందుకని కొందరు అడుగుతారు. ట్విన్ డెక్ ఆడినవాళ్ళకి దీని రుచి తెలుసు. మీ దగ్గర మూడు ల్యాండ్లు లేచి ఉన్నంతసేపూ అవతలివాళ్ళకి టెన్షన్. ట్విన్ మీ చేతిలో లేకపోయినా, ఉందేమోనని ప్రతి టర్న్‌లో వాళ్ళు రెండు మూడు మానా దాచిపెట్టుకోవాలి. వాళ్ళు అలా చేతులు కట్టుకుని ఆడుతుంటే మీ పెస్టర్‌మైట్ 2 చొప్పున కొట్టుకుంటూ పోతుంది. కాంబో భయమే సగం ఆట ఆడుతుంది. మీ కాంబోకి ఇలాంటి గుణం ఉంటే డెక్‌ని పూర్తిగా కాంబో వైపే వంచేయకండి.

ఒంటరిగా ఆడండి, రాసుకోండి

కార్డులు కొనకముందే కాగితాల మీద పేర్లు రాసి, పాత కార్డుల మీద కవర్లలో దూర్చి ఆడవచ్చు. ఇంట్లో ఎవరూ కాదనరు. ఎదురుగా ఎవరూ లేనట్టు 30 ఆటలు ఆడండి. ప్రతి ఆటకీ రెండే విషయాలు రాయండి: ఏ టర్న్‌లో గెలిచారు, ఆలస్యమైతే ఏ కార్డు కోసం ఆగారు. చివర్లో ఆ రెండో వరస చదివితే డెక్ తన రోగం తానే చెప్పుకుంటుంది. ఎక్కువసార్లు "రెండో రంగు మానా లేదు" అని ఉంటే ట్యూటర్లు పెంచి లాభం లేదు, ల్యాండ్లు మార్చాలి. ఒకేసారి రెండు మూడు కార్డులకి మించి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.

ఈ దశలోనే ఏ చేయి ఉంచుకోవాలో కూడా అలవాటవుతుంది. మ్యాజిక్‌లో 2019 నుంచి ఉన్న పద్ధతి ప్రకారం, చేయి మార్చుకున్న ప్రతిసారీ మళ్ళీ 7 కార్డులే తీసుకుని, ఎన్నిసార్లు మార్చారో అన్ని కార్డులు అడుగున పెడతారు. కాంబో ఆడేవాళ్ళకి ఇది వరం, ఏడింటిలోంచి పనికిరానివి ఏరి పెట్టవచ్చు. రెండు ముక్కలూ ఉన్నాయి కదా అని ల్యాండు ఒకటే ఉన్న చేతిని ఉంచుకోకండి. ఒక ముక్క, మూడు ల్యాండ్లు, సీరమ్ విజన్స్, ఒక రక్షణ కార్డు ఉన్న చేయి చూడటానికి చప్పగా ఉన్నా దానికంటే నయం.

ఇప్పుడు అడ్డుకునేవాళ్ళతో

తెలిసిన ఆటగాడిని బతిమాలి, మీ డెక్ ఏంటో చెప్పేసి, దాన్ని చంపడానికే ఆడమనండి. మీ చేతిలో కార్డులు తీయించేవి, స్పెల్స్ ఆపేవి, క్రీచర్లను చంపేవి, గ్రేవ్‌యార్డ్ (వాడేసిన కార్డుల గుట్ట) ఖాళీ చేసేవి, అన్ని రకాల దెబ్బలూ తినాలి. యు-గి-ఓ అయితే మీ వరసలో ప్రతి అడుగు దగ్గరా ఆగి "ఇక్కడ యాష్ బ్లాసమ్ పడితే?" అని అడగమనండి. యాష్ బ్లాసమ్ ఒక అడ్డు కార్డు, డెక్ నుంచి చేతికి కార్డు తెచ్చుకునే, డెక్ నుంచి సమన్ చేసే ఎఫెక్టులని అది ఆపేస్తుంది. పడితే ఇంకో దారి ఉన్న అడుగు ఏది, పడితే అంతా అక్కడే ఆగిపోయే అడుగు ఏది అని గుర్తు పెట్టుకోవాలి. నిబిరు అనే కార్డు సంగతి ఇంకా విచిత్రం. ఒకే టర్న్‌లో మీరు 5 సమన్లు చేశాక అది దిగి బోర్డు మొత్తం ఊడ్చేస్తుంది. కాబట్టి మీ వరసని అటూ ఇటూ జరిపి, ఐదో సమన్ దాటేలోపే దాన్ని ఆపగల మాన్‌స్టర్ బల్ల మీద ఉండేలా చూసుకోండి. అవే కార్డులు, వరస మారిస్తే చాలు.

సైడ్‌బోర్డ్‌కి (ఆటకీ ఆటకీ మధ్య మార్చుకోవడానికి పక్కన ఉంచుకునేవి) మ్యాజిక్‌లోనూ యు-గి-ఓలోనూ 15 కార్డులు. మొదటి ఆట అయ్యాక మీ రహస్యం బయటపడిపోతుంది, రెండో ఆటలో వాళ్ళు మీ కోసమే కార్డులు తెస్తారు. వాటిని తీసేసే కార్డులు కొన్ని ఉంటే చాలు. భయపడి పది కార్డులు మార్చేస్తే వాళ్ళ పని మీరే చేసిపెట్టినట్టు.

డబ్బు పెట్టే ముందు

మీరు ఆడబోయే ఫార్మాట్‌లో (ఏ కార్డులు వాడవచ్చో చెప్పే ఆట రకం; మ్యాజిక్‌లో మోడర్న్, పయనీర్ అలాంటివే) నిషేధిత కార్డుల జాబితా ఆ రోజుది చూడండి. కాంబో కార్డుల మీదే ముందు వేటు పడుతుంది. స్ప్లింటర్ ట్విన్‌ని మోడర్న్‌లో 2016 జనవరిలో నిషేధించారు, తిరిగి వదిలింది 2024 డిసెంబరులో. వాకింగ్ బలిస్టాని 2020 ఆగస్టులో పయనీర్‌లో నిషేధించారు, మోడర్న్‌లో మాత్రం నిషేధించలేదు. కొనేటప్పుడు ముందు ల్యాండ్లు, డ్రా కార్డులు కొనండి. కాంబో పోయినా అవి ఇంకో డెక్‌లో పనికొస్తాయి.

టోర్నమెంట్‌కి వెళ్ళేముందు మీ కాంబోని పైకి చెప్పడం సాధన చేయండి. "ఎగ్జార్క్‌ని ట్యాప్ చేసి కాపీ, కాపీ దిగి ఎగ్జార్క్‌ని అన్‌ట్యాప్ చేస్తుంది, దీన్ని పదిలక్షల సార్లు చేసి దాడికి వెళ్తున్నాను, మధ్యలో ఏమైనా వేస్తారా?" అని అరనిమిషంలో చెప్పగలగాలి. కాపీలకి గుర్తుగా పెట్టడానికి రెండు మూడు టోకెన్లు డెక్ బాక్సులో వేసుకోండి. కంప్యూటర్‌లో ఆడేవాళ్ళకి ఇలా ఒక్కసారే సంఖ్య చెప్పేసే సౌకర్యం ఉండకపోవచ్చు. ఒక్కో కాపీకీ విడిగా నొక్కాల్సిన చోట పదిలక్షలు అక్కర్లేదు, వాళ్ళ దగ్గర అడ్డు నిలబడే క్రీచర్లను దాటి ప్రాణం తీయడానికి ఎన్ని కావాలో లెక్కేసి అన్నే పుట్టించండి. ఎగ్జార్క్ కాపీ ఒక్కొక్కటీ 1 మాత్రమే కొడుతుంది, గడియారం చూస్తే నాలుగు నిమిషాలే ఉంటుంది.